కారు మనదే, కబురు ఎవరిది?

మా చెల్లెలి కొడుకు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. సాయంత్రం పని ముగించుకుని కారులో ఇంటికి వెళ్ళే అరగంట సేపూ గుంటూరులో ఉన్న తల్లితో మాట్లాడటం అతని అలవాటు. ఇక్కడ ఫజ్ర్ నమాజు వేళకు ఆమె ఫోను మోగుతుంది. ఒకనాడు ఫోను మోగింది. ఆమె సలాం చెప్పింది. అవతలి నుండి ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ మళ్ళీ పిలిచినా జవాబు రాలేదు. పక్క వీధిలోనే ఉన్న మేము వెళ్ళేసరికి ఆమె చేతిలో ఫోను వణుకుతూ ఉంది. "భాయ్‌జాన్, బండి నడుపుతూనే చేశాడు. ఏమైనా జరిగిందంటారా?" అన్నది. అరగంట తరువాత అతడే ఇంటికి చేరి మళ్ళీ ఫోను చేశాడు. "మామూ, అమ్మీ మాట నాకు వినిపిస్తూనే ఉంది. నా మాటే అక్కడికి చేరలేదు. నిన్న కారులోంచి ఒక పెట్టె తీసేశాను. దానితో పాటు మైకు కూడా పోయింది" అని చెప్పాడు.

ఆ పెట్టె ఏమిటి? దానిని ఎందుకు తీశాడు? దానిని తీస్తే తల్లితో మాట్లాడే మైకు ఎందుకు మూగబోవాలి? ఈ మూడు ప్రశ్నలు మమ్మల్ని చాలా రోజులు వెంటాడాయి. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో కాగితాలతో కాలం గడిపిన మాకు యంత్రాల విద్య తెలియదు. మేనల్లుడు చెప్పిన దానికి మేము చదివి తెలుసుకున్నదీ, మెకానిక్కులను అడిగి తెలుసుకున్నదీ జోడించి మా అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది ఒక్క కారు సంగతి కాదు. సౌకర్యం కావాలంటే నిఘాను కూడా మోయక తప్పదని చెప్పే పద్ధతి గురించిన సంగతి.

రెండు తీగెలు, ఒకే ముడి

ఇప్పటి కార్లలో బయటి ప్రపంచంతో సంబంధం రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది మన ఫోను ద్వారా. బ్లూటూత్ ద్వారానో యూఎస్‌బీ తీగె ద్వారానో ఫోనును కారుకు కలుపుతాము. మాట, పాట, దారి చూపే మ్యాపు అన్నీ ఫోను నుండే వస్తాయి. ఆండ్రాయిడ్ ఆటో, ఆపిల్ కార్‌ప్లే అనేవి ఈ కోవలోవే. వీటికి కావలసిన సిమ్ము మనది, బిల్లు మనది, కలపడమూ తీసివేయడమూ మన ఇష్టం.

రెండవది కారు తయారీ కంపెనీ అమర్చిన టెలిమాటిక్స్ యూనిట్. డ్యాష్‌బోర్డు లోపలో, సీటు కిందో, పైకప్పు దగ్గరో కనబడకుండా ఉండే చిన్న పెట్టె అది. దానికి సొంత సిమ్ము, సొంత యాంటెన్నా ఉంటాయి. కారు ఎక్కడ ఉన్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ, బ్రేకు ఎంత గట్టిగా వేసినదీ అది కంపెనీకి చేరవేయగలదు. ప్రమాదం జరిగినప్పుడు సహాయ కేంద్రానికి ఫోను కలిపేదీ, ఇంట్లో కూర్చుని కారు తాళం వేయడానికి, దొంగిలించిన బండి జాడ తీయడానికి ఉపయోగపడేదీ కూడా అదే.

ఈ రెండు సంబంధాలూ వేర్వేరు. ఒకటి లేకపోయినా మరొకటి పనిచేయాలి. కానీ కొన్ని కార్లలో మైకు తీగె నేరుగా స్టీరియోకు పోదు. ప్రమాద సమయంలో మాట్లాడటానికి టెలిమాటిక్స్ పెట్టెకు కూడా మైకు అవసరం కాబట్టి తీగె ముందుగా ఆ పెట్టెలోకి వెళ్ళి, అక్కడి నుండి స్టీరియోకు వస్తుంది. ఒక స్పీకరు తీగె కూడా అలాగే తిరిగి వచ్చే కార్లు ఉన్నాయి. పెట్టె తీసేస్తే ఆ తీగె మధ్యలో తెగిపోతుంది. ఫోను కలుస్తుంది, అవతలి మాట వినిపిస్తుంది, మన మాట మాత్రం వెళ్ళదు. మా చెల్లెలు ఆ ఉదయం విన్న నిశ్శబ్దం ఇదే.

దీనికి పరిష్కారం ఉంది. పెట్టె ఉన్న చోట ఒక చిన్న తీగెల కట్టను అమర్చి, లోపలికి వచ్చే మైకు తీగెను బయటికి పోయే తీగెతో నేరుగా కలుపుతారు. స్పీకరు తీగెకూ ఇదే పని చేస్తారు. కొన్ని మోడళ్ళకు ఇటువంటి కట్టలు తయారుగా దొరుకుతున్నాయి. మా మేనల్లుడు వారం తరువాత అటువంటిదే తెప్పించి అమర్చుకున్నాడు. ఆ మరునాటి ఉదయం గుంటూరులో అతని గొంతు మునుపటిలాగే వినిపించింది. పెట్టె లేకుండానే ఫోను పనిచేసిందంటే, ఫోను పనిచేయడానికి ఆ పెట్టె అవసరం ఏనాడూ లేదన్నమాటే కదా!

ఎందుకు తీశాడు?

అతడు అనుమానంతో తీయలేదు, వార్తలు చదివి తీశాడు. 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక కథనం ప్రచురించింది. జనరల్ మోటార్స్ కార్లు నడిపేవారి వివరాలు లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అనే సమాచార వ్యాపార సంస్థలకు చేరుతున్నాయనీ, వాటి నుండి బీమా కంపెనీలకు వెళ్తున్నాయనీ అందులో బయటపడింది. బీమా ధర 21 శాతం పెరిగిందేమిటని ఆరా తీసిన ఒక వ్యక్తికి 258 పుటల నివేదిక చేతికొచ్చింది. ఆరు నెలల్లో అతడూ అతని భార్యా చేసిన 640 ప్రయాణాల వివరాలు అందులో ఉన్నాయి. ఎప్పుడు బయలుదేరినదీ, ఎప్పుడు చేరినదీ, బ్రేకు గట్టిగా వేసినదీ అన్నీ రాసి ఉన్నాయి. అదే సంవత్సరం ఆగస్టులో టెక్సాస్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ కంపెనీపై దావా వేశారు. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా రంగంలోకి దిగింది. కొన్ని సందర్భాలలో ప్రతి 3 సెకన్లకు ఒకసారి కారు ఉన్న చోటు నమోదయ్యేదని ఆరోపించి, ఐదేళ్ళ పాటు ఇటువంటి సమాచారాన్ని ఆ సంస్థలకు ఇవ్వకూడదన్న ఆంక్షను ప్రతిపాదించింది.

ఇది ఒక్క కంపెనీ గుణం కాదు. 2023 సెప్టెంబరులో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల గోప్యతా విధానాలను పరిశీలించింది. ఒక్కటీ పరీక్షలో నెగ్గలేదు. 2024 డిసెంబరులో జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ సంస్థ పరిధిలోని సుమారు 8 లక్షల విద్యుత్ కార్ల సమాచారం సరైన రక్షణ లేకుండా ఇంటర్నెట్‌లో పడి ఉన్నట్లు తేలింది. అమ్ముకోవాలన్న ఉద్దేశం లేని చోట కూడా, పోగుచేసిన సమాచారం ఏదో ఒకనాడు బయటపడుతుందనడానికి ఇది నిదర్శనం.

మా ఉద్యోగ జీవితం నుండి ఒక మాట చెప్పాలి. మా కార్యాలయం నుండి ఏ కాగితం బయటికి పోయినా ఔట్‌వర్డ్ రిజిస్టరులో నెంబరు పడేది. ఎవరికి పంపాము, ఏ తేదీన పంపాము, ఎవరి ఉత్తర్వుపై పంపాము అన్నది పదేళ్ళ తరువాత అడిగినా చూపగలిగేవాళ్ళము. మన కారు నుండి రోజూ బయటికి పోతున్న కబురుకు మన చేతిలో రిజిస్టరు లేదు. లక్షలు పోసి కొన్న యజమానికి తన బండి ఎవరికి ఏమి చెబుతున్నదో అడిగి తెలుసుకునే తేలిక దారి లేదు.

మనకు ఇది మరీ ఎందుకు పట్టాలి?

మనిషి వెళ్ళే చోట్ల జాబితా చూస్తే అతని జీవితమంతా తెలిసిపోతుంది. ఏ ఆసుపత్రికి వెళ్ళాడు, ఏ వకీలును కలిశాడు, ఏ సభకు హాజరయ్యాడు, శుక్రవారం మధ్యాహ్నం బండి ఎక్కడ నిలిపాడు అన్నవి చాలు. చర్చికి వెళ్ళేవారికీ, గుడికి వెళ్ళేవారికీ ఇది వర్తిస్తుంది. అయితే అనుమానపు చూపు ముందుగా ఎవరిమీద పడుతుందో అనుభవం మనకు చెప్పింది. న్యూయార్క్ పోలీసులు మస్జిదుల వద్ద నిలిపిన కార్ల నెంబర్లను నమోదు చేసుకున్న సంగతిని 2011లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వెలికితీసింది. ఆ కథనాలకు 2012లో పులిట్జర్ బహుమతి లభించింది. ఆనాడు నెంబర్లు రాసుకోవడానికి ఒక మనిషి వీధిలో నిలబడవలసి వచ్చింది. ఈనాడు ఆ పనికి మనిషే అక్కరలేదు. కారే తన జాడ తాను రాసిపెడుతుంది.

అదే 2012లో అమెరికా సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. ఒక నిందితుడు వాడే కారుకు పోలీసులు జీపీఎస్ పరికరం తగిలించి 28 రోజులు వెంటాడిన కేసు అది. చెల్లుబాటయ్యే వారెంటు లేకుండా జరిగిన ఆ పని రాజ్యాంగ రక్షణను ఉల్లంఘించిందని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయానికి వచ్చారు. పోలీసులు తగిలిస్తే కోర్టు అనుమతి కావాలి. కంపెనీ కారుతో పాటే తగిలించి అమ్మితే మాత్రం కొనుగోలు రోజున తెర మీద "అంగీకరిస్తున్నాను" అని నొక్కిన ఒక్క వేలిముద్ర చాలునట!

తల్లి అడిగిన ప్రశ్న

ఇంతవరకు మేనల్లుడి పక్షాన చెప్పాము. ఇప్పుడు మా చెల్లెలి పక్షం కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆమె ఒక్కటే అడిగింది. "అర్ధరాత్రి హైవే మీద బండి బోల్తాపడితే, వాడికి స్పృహ లేకపోతే, ఎవరికి తెలుస్తుంది? ఆ పెట్టె ఉంటే తనంతట తానే ఫోను చేసేదట కదా!"

ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. పెట్టె తీసేస్తే ఆ అత్యవసర పిలుపు పోతుంది. దొంగతనం జరిగితే జాడ తీసే వీలు పోతుంది. కంపెనీ గాలిలో పంపే సాఫ్ట్‌వేరు మార్పులు అందవు. కొన్ని బండ్లలో హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఈ నష్టాలు చెప్పకుండా "తీసేయండి" అని సలహా ఇచ్చేవారు మన మేలు కోరేవారు కారు.

కానీ ప్రాణరక్షణ కావాలంటే నిత్య నిఘా భరించాలా? అక్కరలేదని ఐరోపా చట్టం చెబుతోంది. అక్కడ 2018 మార్చి 31 నుండి కొత్తగా ఆమోదం పొందే కార్ల మోడళ్ళలో ఈకాల్ అనే అత్యవసర పిలుపు ఏర్పాటు తప్పనిసరి. పెద్ద ప్రమాదం జరిగితే అది తనంతట తానే 112కు ఫోను కలుపుతుంది. అయితే మామూలు రోజుల్లో దాని ద్వారా కారు జాడ తీయకూడదనీ, నిరంతరం వెంటాడకూడదనీ అదే చట్టంలో రాసి ఉంది. అంటే ప్రమాదం దాకా నిద్రపోయి, ప్రమాదంలో మేల్కొనే పెట్టెను తయారుచేయడం సాధ్యమే. తల్లి భయమూ తీరుతుంది, కొడుకు హక్కూ నిలుస్తుంది. ఈ రెంటినీ విడదీయలేమని చెప్పడం కుంటిసాకు.

మరొక సంగతి చూడండి. అమెరికాలో 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ సంస్థ తన 3జీ సేవను మూసివేసింది. దానిపై ఆధారపడిన పాత కార్ల పెట్టెలు మూగబోయాయి. కొన్ని మోడళ్ళకు కొత్త పెట్టె మార్చుకునే అవకాశం ఇచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. అత్యవసర పిలుపు పోయినా ఆ కార్లు రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. వ్యాపారం మారినప్పుడు పెట్టె ఆగిపోతే అది మామూలు విషయం. యజమాని తన ఇష్టంతో ఆపితే మాత్రం మైకు పోతుంది, దీపం వెలుగుతుంది, వారంటీ పోతుందన్న బెదిరింపు వస్తుంది. ఇదెక్కడి న్యాయం?

మన దేశంలో మన పరిస్థితి

2019లో వచ్చిన హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్‌లతో మన దేశంలోనూ సిమ్ము అమర్చిన కార్ల ప్రచారం మొదలైంది. ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాలు కొనే బండ్లలోనూ ఈ ఏర్పాటు కనబడుతోంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి ఇచ్చినంత తేలికగా దానిని ఉపసంహరించుకునే వీలు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. అయితే కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వెసులుబాటు కూడా అదే చట్టంలో ఉంది. చట్టం వచ్చిందని నిశ్చింతగా కూర్చునే పరిస్థితి లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోవాలి. క్యాబ్‌లు, బస్సులు వంటి ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం జాడ తెలిపే పరికరం, అత్యవసర బటన్ ఉండాలి. 2019 జనవరి 1 నుండి రిజిస్టరయిన కొత్త వాహనాలకు ఇది వర్తిస్తుంది. పసుపు బోర్డు బండి నడిపే మన సోదరులు ఆ పరికరాన్ని తీయరాదు. అందులో ప్రయాణికుల, ముఖ్యంగా స్త్రీల భద్రత ఉంది. మేము మాట్లాడుతున్నది సొంత కార్లలో కంపెనీ అమర్చిన పెట్టెల గురించి మాత్రమే.

పెట్టె జోలికి పోకుండానే ఇవాళ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. కారు సెట్టింగులలోనూ, కంపెనీ యాప్‌లోనూ సమాచారం పంచుకునే అనుమతులు వెదికి, అక్కరలేనివి ఆపండి. ఫోనును బ్లూటూత్‌తో కలిపేటప్పుడు కాంటాక్టులు, కాల్ జాబితా, మెసేజీలు ఇవ్వాలా అని అడుగుతుంది. కాదంటే కూడా చాలా బండ్లలో మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఫోనులోని హాట్‌స్పాట్, బ్లూటూత్ ద్వారా ఇంటర్నెట్ పంచుకునే సదుపాయం కారుకు ఇవ్వకండి. పాత కారు కొన్నవారు మునుపటి యజమాని యాప్ నుండి ఆ బండి తొలగిందో లేదో ఖాయం చేసుకోవాలి. లేకుంటే మీరు తిరిగే చోటు అతని ఫోనులో కనబడుతూ ఉండవచ్చు. అమ్మేవారు తమ ఫోను జాబితాను కారులోంచి తుడిచివేయాలి.

ఇంట్లో మాట కూడా ఒకటి చెప్పాలి. భార్య నడిపే కారు జాడను భర్త యాప్‌లో గంట గంటకూ చూడటం రక్షణ కాదు. కంపెనీ చేస్తే తప్పయినది ఇంటి పెద్ద చేస్తే ఒప్పు కాదు. వేధించే భర్తలు కారు యాప్‌ను ఆయుధంగా వాడుకున్న ఉదంతాలు అమెరికా పత్రికలలో వచ్చాయి. కారు ఎవరు నడుపుతారో యాప్ వారి చేతిలో ఉండాలి.

పెట్టెను మార్చాలనుకునేవారు తెలిసిన చేతికే పని అప్పగించాలి. ఎయిర్‌బ్యాగ్ తీగెలు ఆ దగ్గరలోనే ఉండవచ్చు. బ్యాటరీ కనెక్షను తీయకుండా చేయి పెడితే ప్రమాదం. ఫ్యూజు లాగితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. కొన్ని పెట్టెలకు సొంత బ్యాటరీ ఉంటుంది, కొన్ని ఫ్యూజుల మీద వేరే పరికరాలు కూడా ఆధారపడి ఉంటాయి. మైకు, స్పీకరు తీగెలు ఎటు పోతున్నాయో బొమ్మ చూసి తేల్చుకున్న తరువాతే ముట్టుకోవాలి. వారంటీ షరతులు ముందుగా చదవాలి. చివరిగా, పెట్టె పోయినా జేబులో ఫోను ఉంటుందని మరువకూడదు. ముస్లింలు నమాజు వేళల కోసం పెట్టుకున్న ఒక ప్రసిద్ధ యాప్ నుండి లొకేషన్ సమాచారం ఒక వ్యాపార సంస్థకు చేరిందనీ, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లు ఉన్నారనీ 2020 నవంబరులో బయటపడింది. కాబట్టి ఫోను అనుమతులు సరిచూడకుండా కారు పెట్టె ఒక్కటే తీస్తే వాకిలి మూసి పెరటి తలుపు తెరిచినట్లే.

మేము కోరేది

విజయవాడ ఆటోనగర్‌లో మేము మాట్లాడిన మెకానిక్కులలో ఎక్కువమంది ఇంజను శబ్దం విని రోగం చెప్పగలరు. ఈ పెట్టె మాట ఎత్తగానే "అది కంపెనీ వాళ్ళ పని సార్" అన్నారు. స్వయం ఉపాధిపై మన సమాజం ఎంతగా ఆధారపడి ఉన్నదో 2006లో సచార్ కమిటీ చెప్పింది. బండి లోపలి సమాచారమంతా కంపెనీ గుప్పిట్లోకి పోతే చిన్న షెడ్డుకు రేపు పని ఉండదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2020లో ఈ విషయంపైనే ప్రజల ఓటు తీసుకున్నారు. టెలిమాటిక్స్ సమాచారం యజమానికీ, అతడు ఎంచుకున్న మెకానిక్కుకూ అందాలని నాలుగింట మూడు వంతుల మంది ఓటు వేశారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించి, అందులో మోటారు వాహనాలనూ చేర్చింది. ఆ హక్కు ఈ పెట్టెకూ వర్తించాలి.

మా కోరికలు పెద్దవి కావు. కంపెనీకి పోయే కబురును ఆపే మీట కారులో యజమానికి అందేచోట ఉండాలి. ఆ మీట నొక్కినా ఫోను, మైకు, స్పీకరు మామూలుగా పనిచేయాలి. అత్యవసర పిలుపు ప్రమాదంలో మాత్రమే మేల్కొనాలి. ఎవరికి ఏ సమాచారం పంపారో అడిగిన యజమానికి తెలుగులో లెక్క చెప్పాలి. ఔట్‌వర్డ్ రిజిస్టరు చూపమని అడగడం కంటే ఇది ఎక్కువ కాదు. మన సంఘాలు, విద్యా సంస్థలు మెకానిక్కు పిల్లలకు ఈ కొత్త పనిలో శిక్షణ ఇప్పించాలి.

మా మేనల్లుడి ఇంట్లో ఇప్పుడు రెండు కార్లు ఉన్నాయి. అతని కారులో పెట్టె లేదు. పసిబిడ్డతో దూరం ప్రయాణించే అతని భార్య కారులో పెట్టె ఉంది. సమాచారం పంచుకునే అనుమతులు మాత్రం ఆపివేశారు. ఎవరి అవసరం చూసుకుని వారు నిర్ణయించుకున్నారు. ఇద్దరి నిర్ణయాలూ మాకు సబబుగానే తోచాయి. నిర్ణయించుకునే ఆ హక్కును పోగొట్టుకోకూడదన్నదే మా మాట. మా చెల్లెలు మాత్రం ఈనాటికీ ఫజ్ర్ వేళ ఫోను మోగగానే సలాం చెప్పి, జవాబు వినిపించేదాకా ఊపిరి బిగబట్టే ఉంటుంది.